మూతల మీద రాసిన కారు

మొన్న ఆదివారం పొద్దున మా ఇంట్లో ఒక మూత గురించి గొడవ జరిగింది.

గుండ్రటి, నీలంరంగు ప్లాస్టిక్ మూత. అరచేతిలో పడుతుంది. డైనింగ్ టేబుల్ మీద ఊరికే పడి ఉంటే తీసి, కడిగి, తుడిచి, వారం రోజులుగా మూత లేక చీమలకు విందు చేస్తున్న పంచదార డబ్బాకు పెట్టాను. నేను చేసిన నేరం అంతే. మావారు టీలోకి ఇంకాస్త పంచదార కావాలని వంటింట్లోకి వచ్చారు. డబ్బా కేసి చూశారు. కప్పు గట్టు మీద పెట్టేశారు.

"ఈ మూత ఇక్కడికెలా వచ్చింది?"

"దాని ఇంటికి అది వచ్చింది" అన్నాను.

మూత మీద నల్లసిరాతో 'ఎ.ము.త–2' అని రాసి ఉంది. ఎడమవైపు ముందు తలుపు, రెండో డబ్బా అని దానర్థం. కడిగినా చెరగని సిరా కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఎంత ప్రమాదం జరిగేదో నాకు తెలియదట. అది మూత కాదట, రికార్డట. రికార్డు కాకముందు అది నా పంచదార డబ్బా మూతేనని గుర్తుచేశాను. వారం కిందట షెడ్డులో ఆయన కాలి కింద పడి ఒక మూత పగిలితే, ఆ లోటు తీర్చడానికి ఇది ఇక్కణ్ణుంచి బదిలీ మీద వెళ్ళింది మరి. నీకు ప్రతిదీ వంటిల్లే అన్నారు ఆయన. మీకు ప్రతిదీ షెడ్డే అన్నాను నేను. అక్కడితో మాటలు ఆగిపోయాయి. గంట తర్వాత స్నానాల గదిలోంచి మా అమ్మాయిని కేకేసి, నా తువ్వాలు ఎక్కడుందో మీ అమ్మను అడుగు అన్నారు.

ఇది చదివి మీరు నా మీద జాలిపడబోతున్నారేమో. దయచేసి పడకండి. నేనిది రాస్తున్నది ఫిర్యాదు చేయడానికి కాదు. మూడేళ్ళ అనుభవంతో, చల్లటి బుర్రతో ఆలోచించి నేనొక నిర్ణయానికి వచ్చాను. అది పదిమందికీ చెప్పకుండా దాచుకోవడం స్వార్థం అనిపించింది.

ప్రతి ఇంట్లోనూ, పూర్తిగా విప్పేసిన పాత కారు ఒకటి ఉండి తీరాలి!

నడిచే కారు ఎవరింట్లోనైనా ఉంటుంది. అందులో గొప్పేముంది? దానికి పంక్చర్లు పడతాయి. బ్యాటరీ దిగిపోతుంది. పక్కింటివాళ్ళు ఆసుపత్రికని, ఎదురింటివాళ్ళు స్టేషనుకని అడుగుతారు. ఎవరో గీత పెడతారు, ఎవరు పెట్టారో తెలియక నెల్లాళ్ళు వీధిలో అందరినీ అనుమానంగా చూడాల్సి వస్తుంది. విప్పేసిన కారుతో ఈ బెడదలేవీ లేవు. బ్రేకులు ఫెయిలయ్యే ప్రశ్నే లేదు, అవి మా అటక మీద ఉన్నాయి.

దొంగల భయం అసలే లేదు. మా కారు ఎత్తుకుపోవాలంటే దొంగ ముందు హాల్లోకి వచ్చి కిటికీ దగ్గరి ముందు సీటు తీసుకోవాలి. తర్వాత అమ్మాయి గదిలో పుస్తకాల అరలోంచి కార్బురేటర్. మా మంచం కింద నుంచి సైలెన్సర్, అదీ మోకాళ్ళ మీద వంగి. స్టోర్ రూములోంచి నాలుగు తలుపులు, చుట్టాల గదిలో మంచం మీద పడుకుని ఉన్న బానెట్. ఇదంతా అయ్యాక షెడ్డులోకి వెళ్ళి కారు బాడీ, అదే ఖాళీ ఒళ్ళు. అంత ఓపిక ఉన్న దొంగ దొరికితే మేమే కూర్చోబెట్టి టీ ఇచ్చి, అయ్యా, పట్టుకెళ్ళే ముందు ఒక్కసారి బిగించి చూపించి పో అని బతిమాలుకుంటాం.

ఇంత భాగ్యం మాకెలా పట్టిందో చెప్తాను.

అది మా మావయ్యగారి కారు. ఆయన పోయాక పద్దెనిమిదేళ్ళు ఇంటి పక్క షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది. మా అత్తగారు ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. కూరలో ఉప్పు తక్కువైతే పక్కనే ఉన్న ఉప్పు కూడా అడగరు, మనమే కనిపెట్టాలి. అలాంటి మనిషి మూడేళ్ళ కిందట ఒక్క కోరిక కోరారు. ఆవిడ చెల్లెలు ఇక్కడికి ఐదు గంటల దూరంలో ఉంటుంది. మావయ్యగారు ఉన్నప్పుడు ప్రతి వేసవిలో ఆ కారులోనే వెళ్ళేవారట. దారి చెప్పడం ఆవిడ పని కాబట్టి ముందు సీటు ఎప్పుడూ ఆవిడదే. ఇంకొక్కసారి ఆ సీట్లో కూర్చుని చెల్లెలింటి గేటు ముందు దిగాలని ఉంది అన్నారు.

"మోకాళ్ళు నా మాట వింటుండగానే నాన్నా" అని కొడుకుతో అన్నారు.

మావారి కళ్ళు చెమర్చాయి. అబద్ధం చెప్పను, నావీ చెమర్చాయి. ఆర్నెల్లలో కారు రోడ్డెక్కుతుందమ్మా, మొత్తం విప్పి, కొత్తదానిలా చేసి, నేనే నడిపి తీసుకెళ్తాను అని మాటిచ్చారు.

మావారు ఒక పెద్ద ఆఫీసులో రికార్డుల విభాగానికి అధికారి. పాతికేళ్ళ కిందటి ఫైలైనా నిమిషంలో తీసి చేతిలో పెడతారని పేరు. ఇంట్లో తువ్వాలు మాత్రం తీయలేరు, అది వేరే శాఖ.

మొదటి రోజు మావయ్యగారి కాలం నుంచి ఆ కారు చూసిన మెకానిక్‌గారిని పిలిపించాం. పెద్దాయన. టార్పాలిన్ తీసి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చెయ్యివేసి కాసేపు నిలబడ్డాడు. తర్వాత రెండు మాటలు చెప్పాడు. ఒకటి, రెండు వైపులూ ఒకేసారి విప్పొద్దు, కుడివైపు విప్పితే ఎడమవైపు అలాగే ఉంచండి, బిగించేటప్పుడు అదే చూసి బిగించుకోవచ్చు. రెండోది, ఏ భాగం ఊడదీసినా దాని బోల్టులు డబ్బాల్లో పోయొద్దు, మళ్ళీ వాటి రంధ్రాల్లోనే రెండు చుట్లు తిప్పి వదిలేయండి. వాటి ఇల్లు వాటికి తెలుస్తుంది.

మావారు గౌరవంగా విన్నారు, టీ ఇప్పించారు, గేటు దాకా వెళ్ళి సాగనంపారు. లోపలికి వచ్చి నాతో, "పాతకాలం మనిషి, పాపం. సిస్టమ్ అంటే తెలియదు" అన్నారు.

సిస్టమ్ ఆ మర్నాడే మా వంటింట్లోకి అడుగుపెట్టింది.

ఇక్కడ నా డబ్బాల గురించి చెప్పాలి. ఆడవాళ్ళ జీవితంలో ఎంత భాగం మూతలు వెతకడంలో పోతుందో ఎవరైనా లెక్క కట్టారా? పెళ్ళయిన కొత్తలో నేను రోజుకో పావుగంట పోగొట్టుకునేదాన్ని. అందుకే ఒకేసారి అరవై డబ్బాలు కొన్నాను, అన్నీ ఒకే సైజు, ఒకే కంపెనీ, ఒకే నీలం మూత. ఏ మూతైనా ఏ డబ్బాకైనా పట్టాలి. ఇన్నేళ్ళ సంసారంలో నేను తీసుకున్న తెలివైన నిర్ణయం అది. మావారికి కూడా అంతే తెలివైనదిగా తోచింది. వాటిలో నలభై ఎనిమిది డబ్బాలు దఫదఫాలుగా షెడ్డుకు తరలిపోయాయి. పన్నెండు నాకు మిగిలాయి.

షెడ్డుకు వెళ్ళినవాటిలో బోల్టులు, నట్లు, వాషర్లు పోసి, మూత పెట్టి, మూత మీద పేరు రాయడం మొదలుపెట్టారు. నేను ఒక్కసారి, ఒకే ఒక్కసారి చెప్పాను.

"పేరు డబ్బా మీద రాయండి. మూత మీద కాదు."

ఆయన నన్ను కరుణతో చూశారు. డబ్బాలు ట్రంకుపెట్టెలో పేర్చి ఉంటాయి, పైనుంచి చూస్తే ఏం కనిపిస్తుంది, మూతా డబ్బానా? కొంచెం లాజిక్ ఆలోచించాలి అన్నారు. నేను డిగ్రీలో లాజిక్ ఒక పేపరుగా చదివాను. కాలేజీ ఫస్టు వచ్చాను. ఆ సంగతి ఆయనకు గుర్తు లేదు. నేనూ గుర్తు చేయలేదు. నలభై ఎనిమిది డబ్బాలు పోగొట్టుకున్న మనిషి మాటకు విలువేముంటుంది?

మీలో ఎవరైనా పాత కారు విప్పే ఆలోచనలో ఉంటే, పని చెదిరిపోకుండా పద్ధతిగా ఎలా ఉండాలో మావారి దగ్గర నేర్చుకోండి. ముందుగా ఒక రిజిస్టరు. ఆ రిజిస్టరులో ఏముందో చెప్పడానికి ఇంకో రిజిస్టరు. రెండూ ఎక్కడున్నాయో గుర్తుండటానికి ఫ్రిజ్ మీద ఒక చీటీ. తర్వాత ఫోటోలు. ఏదైనా విప్పేముందు ఒకటి, విప్పాక ఒకటి, డబ్బాలో వేశాక ఒకటి తీసుకోవాలి. మావారి ఫోనులో నాలుగువేల ఫోటోలున్నాయి. మా అమ్మాయి చిన్నప్పటి ఫోటోలు వాటికి చోటిచ్చి ఎక్కడికో వెళ్ళాయి.

ఆ తర్వాతది అసలైన ఘట్టం, వర్గీకరణ. మొదటి ఏడాది భాగాలన్నీ కారులో ఎక్కడుండేవో దాన్నిబట్టి విభజించారు. ముందువి, వెనకవి, కుడివి, ఎడమవి. రెండో ఏడాది అది శాస్త్రీయం కాదని తేలింది. ఏ పని చేసేవో దాన్నిబట్టి విభజించాలట. మండేవి, తిరిగేవి, ఆపేవి, వెలిగేవి. మూతల మీది పాత పేర్లు స్పిరిట్ పెట్టి చెరిపి కొత్తవి రాశారు. మూడో ఏడాది మళ్ళీ మొదటి పద్ధతే మేలని తోచి, స్పిరిట్ ఇంకో సీసా తెప్పించారు. ప్రతి ఆదివారం పొద్దున షెడ్డులోకి వెళ్ళి సాయంత్రం అలిసిపోయి వచ్చేవారు. కష్టపడలేదని నేననను. ఈ మూడేళ్ళలో ఒక్క బోల్టుకూ తుప్పు వదల్లేదు, కానీ మా ఇంట్లో నంబరు లేని తుప్పు లేదు!

వచ్చినవాళ్ళకు మావారు షెడ్డు చూపిస్తారు, రిజిస్టర్లు చూపిస్తారు. అబ్బ, ఎంత ఆర్గనైజ్డ్‌గా ఉన్నారండీ అని మెచ్చుకోని మనిషి లేడు. మరి కారెప్పుడు నడుస్తుందని అడిగినవాడు మా తమ్ముడొక్కడే. అప్పటినుంచి మా తమ్ముడికి ఏ విషయంలోనూ లోతు ఉండదని మా ఇంట్లో తీర్మానమైంది.

ఇక మిగతా లాభాలు చూడండి. చుట్టాల గదిలో మంచం మీద బానెట్ ఉంది కాబట్టి చుట్టాలు సాయంత్రం బండికే వెళ్ళిపోతారు. మా అమ్మాయికి ఏకాగ్రత పెరిగింది. గేర్‌బాక్స్ పక్కన కూర్చుని పరీక్షకు చదవగలిగిన పిల్ల జీవితంలో దేనికైనా నిలబడగలదు. స్నేహితురాళ్ళు వస్తే దాని మీద దుప్పటి కప్పి, డిజైనర్ స్టూలు అని చెప్తుంది. కుటుంబంలో ఐకమత్యమా? ఒక చిన్న వాషరు సోఫా కిందకు దొర్లితే ముగ్గురం ఒకేసారి నేల మీద బోర్లా పడుకుని వెతుకుతాం, అత్తగారు పైనుంచి దారి చెప్తారు. మీ ఇంట్లో నలుగురూ కలిసి ఏదైనా పని చేసి ఎన్నాళ్ళయింది?

అందరికంటే ఎక్కువ లాభపడింది మా అత్తగారు. కారు సంగతి ఎలా ఉన్నా ఆవిడకు ముందు సీటు దొరికింది. షెడ్డులో ఉంటే ఎలకలు కొరుకుతాయని దాన్ని హాల్లో కిటికీ దగ్గర వేశాం. రోజూ నాలుగింటికి ఆవిడ అందులో కూర్చుని వీధి చూస్తారు. కాళ్ళ దగ్గర చేతిసంచీ పెట్టుకుంటారు. ఇంట్లో కూర్చోవడానికి చేతిసంచీ ఎందుకని మొదట్లో నేను అడిగాను. అలవాటమ్మా అన్నారు.

మరి మూడేళ్ళుగా బస్సులోనో రైల్లోనో వెళ్ళొచ్చు కదా అంటారా? నేనూ అన్నాను. ఆ మాట ఎత్తినప్పుడల్లా మావారి మొహం వాడిపోయేది. నాన్న కారు ఉండగా అమ్మ బస్సులో వెళ్ళడమా, ఇంకెంత, రెండు నెలల పని అనేవారు. కొడుకు మొహం వాడితే అత్తగారు చూడలేరు. "పోనీలే అమ్మా, వాడి సరదా" అని నాకే నచ్చజెప్పేవారు. ఎవరి సరదా కోసం ఎవరు ఆగారో రాసుకోవడానికి ఏ రిజిస్టరులోనూ గడి లేదు.

నా సొంత విషయం ఒకటి చెప్పి ముందుకు పోతాను. ఈ ఇంట్లో గ్యాసు ఎప్పుడు అయిపోతుందో, అత్తగారి ఏ మాత్ర అన్నం ముందో ఏది తర్వాతో, అమ్మాయి మార్కుల కాగితాలు ఏ బీరువాలో ఏ చీర కింద ఉన్నాయో, మావారి ఆఫీసు బూట్లకు ఏ బ్రష్షో, నీళ్ళ మోటారు ఏ రోజు మొరాయిస్తుందో, అన్నీ ఒక చోట రాసి ఉన్నాయి. నా తలలో. ఇరవై నాలుగేళ్ళుగా దానికి లేబుల్ లేదు, ఫోటో లేదు, చూడటానికి వచ్చి మెచ్చుకున్న అతిథి లేడు. మావారు నలభై ఎనిమిది డబ్బాల్లో ఇనుము పోసి మూతలు పెడితే అది ప్రాజెక్టు. నేను నలుగురి బతుకులు ఎక్కడివక్కడ సర్దితే? దానికి పేరే లేదు. కారు గేర్‌బాక్స్ మూతకు ఎన్ని స్క్రూలో, వాటిలో ఏది పొడుగో ఏది పొట్టో ఆయన నిద్రలో కూడా చెప్తారు. మా వంటింట్లో ఉప్పు ఏ అరలో ఉంటుందో మీరోసారి అడిగి చూడండి.

సరే, ఆదివారానికి వద్దాం.

నీలం మూత వంటింట్లో దొరికాక మావారికి మనసు మనసులో లేదు. ఒక మూత దారి తప్పిందంటే ఇంకెన్ని తప్పాయో! స్నానం కాగానే మొత్తం ఆడిట్ చేస్తానన్నారు. నలభై ఎనిమిది డబ్బాలూ మేడ మీదకు చేరాయి. లోపల చెమ్మ కూడా ఆరుతుందని అన్నిటికీ మూతలు తీసి, డబ్బాలను మేడ మధ్యలో ఎండకు పెట్టారు. మూతలను రిజిస్టరుతో సరిచూడటానికి పిట్టగోడ పొడవునా వరసగా, అక్షరక్రమంలో పేర్చారు. చూడముచ్చటగా ఉందని ఒప్పుకోవాలి. దాన్ని కూడా ఫోటో తీశారు.

సరిగ్గా పదకొండున్నరకు వాన పడింది.

చినుకులతో మొదలైన వాన కాదు. ఎవరో బకెట్టు ఎత్తి కుమ్మరించినట్టు పడింది. ముందు గాలి వచ్చింది, పిట్టగోడ మీది మూతలు మేడంతా దొర్లాయి. నేనూ అమ్మాయీ పైకి పరుగెత్తాం. నేను డబ్బాలు తీసి బట్టల టబ్బుల్లో పెడుతున్నాను, అమ్మాయి మూతలు ఏరి బకెట్టులో వేస్తోంది, మావారు రిజిస్టర్లను చొక్కా లోపల పెట్టుకుని మెట్ల మీద నిలబడ్డారు. పది నిమిషాల్లో అన్నీ కిందకు వచ్చాయి. ఒక్క బోల్టు పోలేదు. ఒక్క మూత పోలేదు. హాల్లో ఒక పక్క నలభై ఎనిమిది డబ్బాలు, ఇంకో పక్క బకెట్టు నిండా నలభై ఎనిమిది మూతలు.

మావారు చొక్కాలోంచి రిజిస్టర్లు తీసి తిరగేశారు, వాటిలోనూ ఉన్నది మూతల పేర్లే.

"పర్వాలేదు. ఫోటోలున్నాయి" అన్నారు మావారు.

ఫోను తెరిచారు. మేమిద్దరం ఆయన భుజాల మీదుగా చూశాం. తీరా చూస్తే, కారు విప్పిన మొదటి రెండు నెలల ఫోటోల్లో కారు కంటే ఆయన బొటనవేలు స్పష్టంగా ఉంది. మిగతావన్నీ చక్కటి వెలుతురులో, చేయి వణక్కుండా తీసినవే. డబ్బాలో భాగం వేసి, మూత గట్టిగా పెట్టి, పేరు బాగా కనిపించేలా, పైనుంచి. నాలుగువేల ఫోటోలు. నాలుగువేల నీలం మూతలు.

మా అమ్మాయి పమిట చెంగు లేని పిల్ల కాబట్టి నా పమిట చెంగు లాక్కుని నోట్లో కుక్కుకుంది. నాకు నవ్వు రాలేదు. తడిసిన చొక్కాతో, బకెట్టు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో మూత తీసి చదువుకుంటూ మెట్ల మీద కూర్చున్న మనిషిని చూస్తే నిజంగా జాలేసింది. వేడిగా టీ పెట్టి ఇచ్చాను. డబ్బా మీద రాయమన్నానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. నా నోటి నుంచి రాని మాటలకు కూడా ఒక రిజిస్టరు పెడితే ఇంట్లో చోటు చాలదు.

ఆ జాలి సోమవారం సాయంత్రం దాకా ఉంది.

సోమవారం సాయంత్రం నేనే మెకానిక్‌గారిని రమ్మన్నాను. ఆయన హాల్లో చాప మీద కూర్చుని, ఒక డబ్బాలోంచి బోల్టు తీసి, కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా వేళ్ళ మధ్య తిప్పాడు. తలుపు కీలుది అన్నాడు. ఇంకోటి తీశాడు. ఇది రేడియేటర్‌ది. ఇది వెనక బంపర్‌ది, ఇదిగో ఇక్కడ అరిగింది, పెద్దయ్యగారు ఒకసారి గేటుకు తగిలించారు, నేనే మార్చాను. ఇలా పావుగంటలో ఆరు డబ్బాలు తేల్చేశాడు. లేబుల్ అవసరం లేకుండా, స్పిరిట్ అవసరం లేకుండా.

"నాకు అప్పజెప్పండి సార్. ఒళ్ళు బాగానే ఉంది. నాలుగు నెలల్లో అమ్మగారిని కూర్చోబెడతాను" అన్నాడు.

మావారు ఆలోచించారు. ముందు రికార్డు సరిచేసుకోకుండా వస్తువు బయటికి పంపడం పద్ధతి కాదు కదా అన్నారు. పెద్దాయన తలూపి వెళ్ళిపోయాడు. మర్నాడు మావారు ఆఫీసు నుంచి వస్తూ ఒక పెట్టె తెచ్చారు. లోపల లేబుళ్ళు అచ్చువేసే చిన్న మిషను. చేతిరాత వల్లే ఇదంతా వచ్చిందట. ఇకమీదట అచ్చు లేబుళ్ళట, మొత్తం మొదటి నుంచి, పకడ్బందీగా, మూడు నెలల్లో.

"ఎక్కడ అంటిస్తారు?" అని అడిగాను.

"మూతల మీదే. పైనుంచి చూస్తే అవే కదా కనిపిస్తాయి" అన్నారు.

అదే మంగళవారం, ఆయన ఇంకా ఆఫీసు నుంచి రాకముందు, సాయంత్రం నాలుగు గంటల సంగతి. అత్తగారు తన సీట్లో ఉన్నారు. చెల్లెలి ఫోను వచ్చింది. చెవి సరిగా వినపడదని అత్తగారు స్పీకరు పెట్టుకుంటారు కాబట్టి వంటింట్లో ఉన్న నాకూ వినిపిస్తుంది.

మొదటి ఏడాది ఆవిడ ఫోను చేసి, "బయల్దేరావా అక్కా, లేక మీవాడు ఇంకా నట్లు లెక్కపెడుతున్నాడా" అని ఎగతాళి చేసేది. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ పడీపడీ నవ్వేవారు. ఈ ఏడాది ఎగతాళి లేదు. చెల్లెలికి మరుపు వచ్చింది. వాళ్ళ కోడలు నాతో చెప్పింది, పొద్దున తిన్నది గుర్తుండటం లేదు గానీ, మా అక్క కారులో వస్తోందని మాత్రం మరిచిపోవడం లేదు, సాయంత్రమైతే కుర్చీ గేటు దగ్గర వేయించుకుని రోడ్డు చూస్తూ కూర్చుంటోంది అని.

"బయల్దేరావా అక్కా?" అని అడిగింది ఫోనులో.

అత్తగారు కిటికీలోంచి వీధి కేసి చూశారు. చేతిసంచీ ఒళ్ళోకి తీసుకున్నారు.

"దారిలోనే ఉన్నామే. నువ్వు లోపలికెళ్ళి కూర్చో, గాలి తగులుతుంది" అన్నారు.

ఫోను పెట్టేశాక ఆవిడ నావైపు చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ నేను వంటింట్లోకి వెనక్కి వచ్చి పొయ్యి కట్టేశాను. అసలు ఆ పొయ్యి మీద ఏమీ లేదని తర్వాత తెలిసింది.

మీరు అడగొచ్చు, విప్పేసిన కారు వరమని మొదట్లో అన్నావు, ఇప్పుడేమంటావు అని. అదే మాట మీద ఉన్నాను. ఆ కారు మా ఇంట్లో లేకపోతే, పని చేయడానికీ పని గురించి రాసుకోవడానికీ మధ్య ఎంత దూరం ఉందో నాకెలా తెలిసేది? సుమారు ఐదు గంటల ప్రయాణం. పైగా మావారి పద్ధతిలోని గొప్పతనం మూడేళ్ళు పక్కనుండి చూసి కూడా నేను ఒక్కరోజూ ఆచరించలేదన్న లోటు ఉండిపోయింది. బుధవారం ఆ లోటు తీర్చుకున్నాను. పొద్దున ఆయన ఆఫీసుకు వెళ్ళాక రెండు ఫోన్లు చేశాను. అత్తగారితో పది నిమిషాలు మాట్లాడాను. తర్వాత బకెట్టులోంచి నా పంచదార డబ్బా మూత వెనక్కి తీసుకుని, ఆ కొత్త మిషను ముందు కూర్చున్నాను. చాలా చక్కగా పనిచేస్తుంది, అక్షరాలు ముత్యాల్లా వస్తాయి.

రాత్రి భోజనాలకు నలుగురం కూర్చున్నాం. టేబుల్ మీద స్టీరింగ్ చక్రం ఉంటే తీసి పక్కన పెట్టాను. మావారు ఆ రోజు పదకొండు లేబుళ్ళకు నమూనా తయారుచేశానని చెప్తున్నారు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆగి చెప్పాను.

"రేపు పొద్దున ఆరున్నర బస్సుకు అత్తయ్యా నేనూ వెళ్తున్నాం. పిన్నిగారింటికి. ముందు సీట్లే దొరికాయి. పదిహేను రోజులుంటాం."

ఆయన ముద్ద మింగడానికి కొంత సమయం పట్టింది. తల్లి వైపు తిరిగారు. "అమ్మా, ఇంకో మూడు నెలలు ఆగితే..."

"నేను ఆగగలనురా. అది మరిచిపోతోంది" అన్నారు అత్తగారు, కంచంలోంచి తలెత్తకుండా. తర్వాత ఉప్పు గిన్నె తనే చెయ్యిచాచి దగ్గరకు లాక్కున్నారు. ఈ ఇంటికి వచ్చాక ఆవిడ అలా చేయగా చూడటం నాకదే మొదలు. "రేపు మెకానిక్ వచ్చి డబ్బాలూ ఒళ్ళూ పట్టుకెళ్తాడు. ఆ సీటు కూడా ఇచ్చెయ్. కారులో బిగించాక కూర్చుంటాను."

మావారు అమ్మాయి వైపు చూశారు. తను ఆ పదిహేను రోజులూ హాస్టల్లో స్నేహితురాలి గదిలో చదువుకుంటున్నానని అది చెప్పింది. అక్కడ గేర్‌బాక్స్ లేదట. ఆయన చివరికి నావైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు, నిజం చెప్పొద్దూ, కొంచెం సిగ్గుంది. కానీ దాని వెనకే ఇంకో భయం మెల్లగా తలెత్తడం కనిపించింది.

"మరి వంటింట్లో... ఏది ఎక్కడుందో నాకు..."

"దిగులు పడకండి. పన్నెండు డబ్బాలూ కడిగి, అన్నీ నింపి పెట్టాను. ఉప్పు, పంచదార, గోధుమపిండి, బియ్యప్పిండి, సోడా ఉప్పు, అన్నిటికీ మీ మిషనుతోనే అచ్చు లేబుళ్ళు వేశాను."

ఆయన మొహం విప్పారింది. పాపం, సంతోషపడ్డారు కూడా.

"మీ పద్ధతిలోనే, మూతల మీద. మూతలు ఇంకా తడిగా ఉన్నాయని బకెట్టులో ఆరబెట్టాను. పొద్దున మీరు పెట్టేసుకోండి" అన్నాను, ఆయన కంచంలో ఇంకాస్త కూర వేస్తూ. "కంగారేం లేదు. ఏ మూతైనా ఏ డబ్బాకైనా సరిగ్గా పడుతుంది."